నీలి చెట్టుడుమును పెంచవచ్చునా?

జంతువులను చేరదీసి పెంచుట మానవునకు పుట్టుకతో వచ్చిన వేడుక. ఆవును గేదెను పాడికొఱకును, కుక్కను కావలికొఱకును, పావురమును అందముకొఱకును మన పెద్దలు పెంచుచు వచ్చిరి. వీనిలో కొన్ని వేల యేండ్లుగా మానవునితో గూడి బ్రదుకుటకు మరిగినవి. మఱికొన్ని యెన్ని తరములైనను పంజరమునకు మరగనివి. ఈ భేదమును గమనింపక, కంటికి సొంపైన ప్రతి ప్రాణిని ఇంట నుంచుకొనవలెనను కోరిక యీ కాలమున మిక్కిలి ప్రబలుచున్నది. పూర్వము సంతలో కనబడినదానినే కోరెడివారము. ఇప్పుడు సెల్‌ఫోనులోని చిత్రములవలన భూమికి ఆవలి వైపుననున్న అడవిలోని జంతువును గూడ కోరుచున్నాము.

మన పాఠశాల పై తరగతుల విద్యార్థులు కొందఱు ఈ సంవత్సరము అట్టి చిత్రమొకటి చూచిరి. నల్లని మేనిమీద నీలపు చుక్కలు గల యొక చిన్న యుడుమును విదేశములలో గాజుపెట్టెలలో పెంచుచున్నారనియు, ధనము గలవాడు దానిని మన దేశమునకు తెప్పించుకొని పెంచినచో తప్పేమనియు వారు నన్నడిగిరి. ప్రశ్న మంచిదే, కాని గంట కొట్టులోపల తేలునది కాదు. కావున నాకు తోచిన సమాధానమును ఈ పత్రికాముఖమున విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాను. నా యభిప్రాయమును మొదటనే చెప్పెదను. ఈ జంతువును ఇండ్లలో పెంచుట యుక్తము కాదు. కారణములను వరుసగా చెప్పెదను. ఎదుటి పక్షమువారి మాటలలో గల బలమును దాచను.

ఉడుము మనకు క్రొత్తది కాదు. సంస్కృతమున దీనిని గోధ యందురు. పొలము గట్లమీదను, తాటితోపులలోను, పుట్టలయొద్దను నాలుక చాచుచు తిరుగు ఈ జంతువును పల్లెలలో పుట్టి పెరిగిన వారందఱు ఎఱుగుదురు. దాని నాలుక పాము నాలుకవలె రెండుగా చీలియుండును. ఆ నాలుకతో గాలిలోని వాసనను లోనికి గొనిపోయి, నోటి పైభాగముననున్న యొక యింద్రియముచేత ఎర యెచ్చటనున్నదో తెలిసికొనును. బల్లి తోక తెగినచో మరల మొలచును; ఉడుము తోక మాత్రము తెగినచో తెగినదే. ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా ఖండములలో ఇప్పటికి ఎనుబదికి పైబడిన యుడుము జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఆస్ట్రేలియాలోని పొట్టితోక యుడుము జానెడు మాత్రముండును. ఇండొనీషియాలోని కొమోడో ఉడుము పది యడుగుల వఱకు పెరుగును. మన దేశమున నాలుగు జాతులు కలవు. అవి మన పొలములలో తిరుగు సాధారణపు టుడుము, ఉత్తరాదిని గంగా మైదానములందు కానవచ్చు పసుపు ఉడుము, సుందరవనములలోను అండమాను దీవులలోను ఉండు నీటియుడుము, రాజస్థానపు ఇసుకనేలలలోని యెడారి యుడుము.

ఇక ప్రశ్నకు విషయమైన నీలి చెట్టుడుము సంగతి. న్యూగినీ ద్వీపమునకు పశ్చిమమున, భూమధ్యరేఖకు మిక్కిలి చేరువగా, ఇండొనీషియాకు చెందిన రాజా అంపట్ అను దీవుల సముదాయము కలదు. ఇందులోని రాజశబ్దము మనకు తెలిసినదే. అంపట్ అనగా ఆ దేశభాషలో నాలుగు. నలుగురు రాజుల దీవులని యర్థము. వైగియో, బటాంట, సలవాటి, మిసూల్ అను నాలుగు పెద్ద దీవులలో బటాంట అన్నిటికంటె చిన్నది. దాని వైశాల్యము సుమారు 450 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేటి యభయారణ్యము 308 చదరపు కిలోమీటర్లని తెలిసినవారికి, ఆ దీవి కొల్లేటికి ఒకటిన్నర రెట్లు మాత్రమేయని చెప్పిన చాలును. ఈ నీలి చెట్టుడుమునకు ప్రపంచమునందు గల స్వస్థానమంతయు అంతియే.

2001వ సంవత్సరమున వుల్ఫ్‌గాంగ్ బోమె, హాన్స్ జాకబ్స్ అను శాస్త్రజ్ఞులు దీనిని వేఱు జాతిగా నిర్ణయించి, డంకన్ మెక్రే అను సరీసృపశాలాధిపతి పేరిట వేరానస్ మెక్రేయై అని నామకరణము చేసిరి. ముక్కు మొదలు తోక చివర వఱకు సుమారొక మీటరుండును. అందులో తోకయే ఒడలికి రెట్టింపు. ఆ తోకతో కొమ్మలను చుట్టి పట్టుకొనును గావున దానికి తోక అయిదవ చేయి వంటిది. పగలు చెట్లమీద తిరుగుచు మిడుతలను, కీచురాళ్లను, ఇతర పురుగులను పట్టి తినును. నలుపుమీద నీలపు చుక్కలు వలయములుగా నేర్పడి, తోకమీద కట్లు కట్లుగా దిగును. ఇట్టి రంగు గల యుడుము మఱియొకటి లేదనుట అతిశయోక్తి కాదు.

ఆ సౌందర్యమే దాని కపాయమైనది. ఇది మొసలివలె భయపెట్టునది కాదు. పామువలె మూలకు చుట్టుకొని పడియుండునది కాదు. పట్టపగలు మేలుకొని, తల త్రిప్పి త్రిప్పి చూచును. ఎర నిచ్చువానిని గుర్తించును. ఉడుములలో చిన్నదగుటచే పెద్ద చోటు అక్కరలేదని కొనువాడు తలచును. సరీసృపములలో ఉడుములు తెలివిగలవని వానిని పరిశీలించిన వారందఱు ఒప్పుకొందురు. కనుక ఈ జంతువును ప్రేమించి పెంచువారు క్రూరులని నేను చెప్పను. వారిలో అనేకులు దానిని గూర్చి చదివి, వ్రాసి, రాత్రింబవళ్లు సేవ చేయువారే. అయినను ప్రేమ యొకటి, యోగ్యత యొకటి. ప్రేమించుచున్నాము గావున దగ్గఱ నుంచుకొనుటకు అర్హులమని తలచుటయే యిచ్చటి పొరపాటు.

మొదట జంతువు పక్షమున ఆలోచింతము. బటాంట అడవిలో ఏడాది పొడవునను వేడి, వాన, తేమ ఇంచుమించు ఒకే తీరున నుండును. అట్టి జంతువు ఇంటిలో బ్రదుకవలెనన్న, మనిషి నిలువుకంటె ఎత్తైన పెట్టె కావలెను. అందులో నిలువుగా ఎక్కుటకు కొమ్మలును, దాగుటకు ఆకులును కావలెను. ఒక మూల ఎండవంటి వేడి నిచ్చు దీపము, ఇంకొక మూల చల్లదనము, సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణముల నిచ్చు వేఱొక దీపము, గాలిలో ఎల్లప్పుడు తడి నుంచు సాధనము కావలెను. ఆహారమునకు ప్రతిదినము బ్రదికియున్న పురుగులు కావలెను. ఆ పురుగులకు మరల మేత పెట్టవలెను. తేమ తగ్గినచో శరీరమున నీరు తఱిగి మూత్రపిండములు చెడును. ఆడుదానికి గ్రుడ్లు పెట్టుటకు తగిన చోటు దొరకకపోయినచో గ్రుడ్లు లోననే నిలిచి ప్రాణము తీయును. ఇట్టి సేవ ఒక మాసము కాదు, పది యేండ్లకు మించి చేయవలసియుండును. నేడు పదవ తరగతిలోనున్న బాలుడు కళాశాలకు పోయి, ఉద్యోగమునకు పోయి, గృహస్థుడగు నాటికి కూడ ఆ పెట్టెలోని దీపము వెలుగుచుండవలెను.

మన జిల్లాలలో వైశాఖ జ్యేష్ఠములయందు వడగాలి ఎట్లుండునో వేఱుగా చెప్పనక్కరలేదు. ఒకనాటి మధ్యాహ్నము విద్యుత్తు పోయినచో మనుష్యులు చెట్టునీడకు పోవుదురు. గాజుపెట్టెలోని జంతువెచ్చటికి పోవును? దానికి జబ్బు చేసినచో చూపించుటకు మన పట్టణములలోని పశువైద్యశాలలలో గేదెకు వైద్యము తెలిసినవారున్నారు, కోడికి తెలిసినవారున్నారు. చెట్టుడుమునకు వైద్యము తెలిసినవారు దొరకుట కష్టము. అది కుక్కవలె మూలుగదు, పిల్లివలె అరవదు. బాధను దాచుకొనుట అడవి జంతువుల స్వభావము. మనకు జబ్బు కనబడునాటికి చికిత్సకు కాలము దాటిపోయియుండును.

ఇది యింటిలోని బాధ. ఇంటికి వచ్చుటకు ముందు జరుగునది ఇంతకంటె విచారింపదగినది. విదేశములలో ఈ జంతువు వెల మన రూపాయలలో లక్షకు మించును. అట్టి వెల గలదానిని చెట్టుమీద చూచిన దీవివాసి ఊరకుండునా? ఇండొనీషియానుండి పోవు ఇట్టి జంతువులు సాధారణముగా "పెంపకమున పుట్టినవి" అను పత్రముతో పోవును. ఆ పత్రమును చూచి కొనువాడు తన మనస్సును సమాధాన పఱచుకొనును. అయితే ఆ పత్రములు నమ్మదగినవేనా? ఆ ప్రాంతపు అడవులనుండియే వచ్చు ఆకుపచ్చని చెట్టుకొండచిలువలను గూర్చి జరిగిన యొక పరిశోధన 2011లో ప్రచురింపబడినది. పెంపకమున పుట్టినవని యేటేట ఎగుమతి యగుచున్న ఆ పాములలో నూటికి 80కి తక్కువ కాకుండ అడవిలో పట్టినవేయని అందు తేలినది. అడవిలో పట్టినదానిని పెంపకశాల గుమ్మముగుండ దాటించి, దానికొక జన్మపత్రిక వ్రాసి పంపుచున్నారన్నమాట. పాములకు జరిగినది ఉడుములకు జరుగదని నమ్ముటకు ఆధారమేమి?

పెద్ద దేశములలో విరివిగానున్న జంతువును కొన్నిటిని పట్టినచో నష్టము వెంటనే తెలియదు. ఒక్క దీవిలో మాత్రమే యున్నదానిని పట్టినచో వచ్చు నష్టమునకు తిరుగు లేదు. ఇందుకొక దృష్టాంతము కలదు. అదే ఇండొనీషియాలోని రోటి అను చిన్న దీవిలో పొడుగుమెడ తాబేలొకటి కలదు. 1994లో శాస్త్రజ్ఞులు దానిని వేఱు జాతిగా గుర్తించి ప్రకటించిరి. ఆ ప్రకటనను పండితులకంటె ముందుగా వర్తకులు చదివిరి. కొన్ని యేండ్లలోనే ఆ దీవిలోని సరస్సులు ఖాళీయైపోయి, తాబేలు ప్రకృతిలో దాదాపు లేకుండ పోయినది. నీలి చెట్టుడుమును నేడు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు ఆపదలోనున్న జాతిగా తమ పట్టికలో చేర్చియున్నారు. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము దీనికి 240 దినముల అత్యవసర రక్షణ నొసగుచు ఉత్తర్వు వెలువరించినది. దూరదేశపు ప్రభుత్వమొకటి అంత తొందరపడవలసి వచ్చినదన్న, ఆ తొందరకు కారణము తన పౌరుల కొనుగోళ్లే.

ఇప్పుడు ఎదుటి పక్షమువారి వాదములను పరిశీలింతము. మొదటిది: "పెంచుటచేతనే జాతి నిలుచును; అడవి పోయినను మా పెట్టెలలో మిగులును." ఈ మాటలో సత్యము కొంత కలదు. కొన్ని మృగశాలలలో ఈ యుడుములు గ్రుడ్లు పెట్టి పిల్లలను పొదిగినవి. దీనివలన వాని జీవితమును గూర్చి మనకు తెలిసినది చాల కలదు. అయితే మృగశాలలవారు ఏ జంతువు ఏ తల్లిదండ్రులకు పుట్టినదో పుస్తకములో వ్రాసి, తమలో తాము మార్చుకొని, వంశము చెడకుండ చూతురు. విడివిడిగా కొన్నవారి యిండ్లలో ఒక్కొక్కటిగానున్న జంతువులు అట్టి నిధి కాజాలవు. మఱియు నిజముగా పెంపకమున పుట్టినదానికి గిరాకి పెరిగినకొలది, అడవినుండి పట్టినదానికి దొంగపత్రము వ్రాయు లాభమును పెరుగును. కావున జాతిని నిలుపు కార్యము మృగశాలలది, పరిశోధకులది; ముంగిలి వేడుకది కాదు.

రెండవది: "దీవివాసులు పేదవారు. వారి కూడు చెడగొట్టుట న్యాయమా?" ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ఉపదేశము చేయువాని కడుపు నిండియుండి, వినువాని కడుపు కాలుచున్నచో ఆ యుపదేశమునకు విలువ లేదు. అయితే పట్టినవానికి దక్కునది ఎంత? విదేశమున లక్షకు అమ్ముడగు జంతువులో అడవిలో చెట్టెక్కినవానికి ముట్టునది అత్యల్పము. తక్కినది నడిమి వర్తకులది. ఆ అత్యల్పమైనను జంతువున్నంత కాలమే. మన పొరుగుననే దీనికొక మార్గము కనబడుచున్నది. 1972 చట్టము తరువాత పాముచర్మముల వ్యాపారము నిలిచిపోగా, తమిళదేశమున పాములు పట్టి బ్రదుకు ఇరులరు జీవనము కోల్పోయిరి. అంతట 1978లో చెన్నపట్టణము చేరువ వారికొక సహకార సంఘము ఏర్పడినది. ఆ పాములనే పట్టి, విషము పిండి, మందులు చేయువారికి అమ్మి, పాములను మరల అడవిలో విడుచుచున్నారు. దేశమున పాముకాటుకు వాడు మందునకు ఆ విషమే యాధారమగుచున్నది. చంపి చర్మమొలిచిన చేతులే నేడు ప్రాణములను నిలుపుచున్నవి. పట్టువాని నేర్పును పారవేయనక్కరలేదు. దారి మళ్లించిన చాలును.

రాజా అంపట్ దీవులలో అట్టి మళ్లింపు ఇదివఱకే ఒక విషయమున జరిగినది. ఆ దీవులలోని వైగియో, బటాంటలయందు విల్సన్ పేరిట పిలువబడు స్వర్గపక్షి కలదు. ఆ రెండు దీవులలో తప్ప మఱెచ్చటను లేదు. న్యూగినీ ప్రాంతపు స్వర్గపక్షుల యీకలు ఒకప్పుడు ఐరోపా స్త్రీల టోపీలకు అలంకారములై లెక్కలేనన్ని పక్షుల ప్రాణములు తీసినవి. 1921లో ఇంగ్లండు ఈకల దిగుమతిని శాసనముచేత నిషేధించినది. టోపీల వేడుక మాఱినది, పక్షులు మిగిలినవి. నేడు ఆ దీవుల పల్లెవాసులే తెల్లవాఱకముందు యాత్రికులను అడవికి తోడ్కొనిపోయి, ఆ పక్షులు ఆడుట చూపించి జీవించుచున్నారు. ఒక పక్షిని చంపి అమ్మినచో ఒక్కసారి డబ్బు. దానినే చూపించినచో ఏటేట డబ్బు. నూఱేండ్ల క్రిందట టోపీకి ఈక లేనిది ఎట్లని అడిగిన నాగరికులు ఈక లేకయే బ్రదికిరి. నేడు గాజుపెట్టెలో నీలియుడుము లేనిది ఎట్లని అడుగువారును బ్రదుకగలరు.

మూడవది: "పిల్లలు జంతువులను దగ్గఱనుండి చూచి పెంచినగాని వానియెడ దయ నేర్వరు." ఉపాధ్యాయుడనగుటచే ఈ వాదమును నేను మిక్కిలి గౌరవింతును. దయ పుస్తకమువలన అలవడదు. చేతితో మేత పెట్టినప్పుడు అలవడును. అయితే దయ నేర్చుకొనుటకు ఆపదలోనున్న జంతువే కావలెనా? కోడిపిల్ల చాలదా? దూడ చాలదా? వీథిలో ఆకలితో తిరుగు కుక్క చాలదా? ఇవి మనిషి చేరికను కోరునవి. మన తప్పులను కొన్నిటిని ఓర్చుకొనునవి. కొనిన జంతువు చచ్చినచో ఇంకొకటి కొనవచ్చునని నేర్చిన బాలుడు నేర్చినది దయ కాదు.

ఇక మన చట్టము మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో పుట్టినది. 2022లో సవరింపబడి, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. మన దేశపు నాలుగు ఉడుము జాతులను ఆ చట్టపు మొదటి పట్టికలో చేర్చి యుండుటచే, వానిని పట్టినను, చంపినను, ఇంట నుంచినను నేరమే. శిక్ష మూడేండ్లకు తక్కువ గాక ఏడేండ్ల వఱకు కారాగారమును, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానాయును. నీలి చెట్టుడుము వంటి విదేశపు జాతులు అంతర్జాతీయ వ్యాపారపు ఒడంబడికకు లోబడినవి. అట్టివానిని ఉంచుకొన్నవారు ప్రభుత్వమునొద్ద నమోదు చేసికొనవలెనని 2024లో నియమములు వెలువడినవి. ఇంతమాత్రమున కొందఱు, "నమోదు చేసికొన్నచో పెంచవచ్చును గదా" యందురు. నమోదు చేసికొనుట చట్టమునకు చెప్పు సమాధానము. మనస్సాక్షికి చెప్పు సమాధానము కాదు. చట్టము ఈ పని చేయకుమని చెప్పును గాని, చేయదగినది ఏదియో చెప్పదు. అది తెలిసికొనుటకే చదువు.

మఱియొక మాట. విమానాశ్రయములలో పెట్టెల అడుగున బట్టల నడుమ మూటగట్టిన సరీసృపములను సుంకపు అధికారులు పట్టుకొన్న వార్తలు చెన్నపట్టణమునుండియు బెంగుళూరునుండియు పత్రికలలో తఱచు వచ్చుచున్నవి. ఆ మూటలలో కొన్ని ప్రాణములు దారిలోనే పోవును. మన దేశమున గిరాకి లేనిదే ఆ పెట్టెలు మన దేశమునకు రావు. దొంగ యొక్కడే దోషి కాదు. వాకిలి తెఱచి యెదురుచూచువాడును దోషియే.

దూరపు దీవి సంగతి చెప్పితిని. ఇంటి సంగతి చెప్పక విడుచుట న్యాయము కాదు. మన కర్ణాటక సంగీతమున కంజీర యను వాద్యము కలదు. దాని ముఖమునకు అనాదిగా ఉడుము చర్మమునే మూసెడివారు. ఆ చర్మమునకు గల నాదము వేఱొకదానికి రాదని విద్వాంసులు వాదించెడివారు. చట్టము వచ్చిన పిదప మేకచర్మముతోను, కృత్రిమపు పొరలతోను కంజీరలు చేయుచున్నారు. సభలలో కచ్చేరీలు జరుగుచునే యున్నవి. నాదమునకే ప్రత్యామ్నాయము దొరకినపుడు వేడుకకు దొరకదా? అట్లే మన యిండ్లలో నేటికిని పంజరములలో రామచిలుకలు కలవు. వానిని పట్టుటయు అమ్ముటయు ఉంచుకొనుటయు నేరమని అనేకులు ఎఱుగరు, ఎఱిగినవారు పాటింపరు. నీలియుడుమును పెంచరాదని చప్పట్లు కొట్టి, ఇంటికి పోయి చిలుకకు జామపండు పెట్టువారిని చూచి పిల్లలేమి నేర్చుకొందురు? కావున ఈ వ్యాసము చదివిన తలిదండ్రులు మొదట తమ వసారావైపు చూడగోరెదను. పంజరమున చాలకాలమున్న చిలుకను తటాలున విడిచినచో అది కాకులపాలగును. దానిని అటవీశాఖవారికి అప్పగించుట మేలు.

విద్యార్థులారా! వద్దు వద్దని మాత్రము చెప్పి విడుచుట ఉపాధ్యాయుని ధర్మము కాదు. ఏమి చేయవలెనో కూడ చెప్పవలెను. మీకు ఉడుమును గూర్చి తెలిసికొనవలెనని కోరిక కలదు గదా! మీ పొలము గట్టుమీదనే దాని బంధువు తిరుగుచున్నది. ఒక చిన్న పుస్తకము, ఒక పెన్సిలు చేతబట్టుడు. ఉదయము ఎండ యెక్కు వేళ అది ఏ రాతిమీద కూర్చుండి యొడలు కాచుకొనునో, ఎన్ని గంటలకు వేటకు బయలుదేరునో, పేడపురుగులను తినునో, పీతలను తినునో, కుళ్లిన కళేబరమును తినునో, వర్షర్తువున ఏ చెదపుట్టను త్రవ్వి గ్రుడ్లు దాచునో దూరమునుండి చూచి, తేదీతో సహా వ్రాయుడు. దగ్గఱకు పోవలదు, తఱుమవలదు, కన్నము పొడువవలదు. నీలియుడుమును గాజుపెట్టెలో చూచువాడు గాజుపెట్టెలోని యుడుమునే ఎఱుగును. గట్టుమీది యుడుమును చూచినవాడు ఉడుమునే ఎఱుగును. మూడు ఋతువులు అట్లు వ్రాసిన విద్యార్థి పుస్తకమును మన ప్రకృతిశాస్త్ర ప్రదర్శనమున మొదటి బల్లమీద నుంచుటకు నేను సిద్ధముగా నున్నాను.

ఉడుమును గూర్చి మనవారికొక సామెత కలదు. కన్నములో చేయిపెట్టి ఉడుమును పట్టబోయినవాడు, అదియే తన చేతిని పట్టుకొనగా, "ఉడుమూ వద్దు, చేయి దక్కిన చాలు" ననెనట. పట్టు విడువనిదానికి ఉడుముపట్టని పేరు కూడ పెట్టితిమి. ఈనాడు ఆ పట్టు ఉడుమునకు లేదు. మన చేతికే యున్నది. బటాంట దీవిలో చెట్టుకొమ్మకు తోక చుట్టి నిలిచిన ఆ చిన్నప్రాణి మనలనేమియు పట్టుకొనలేదు. మనము పట్టు విడిచిన చాలును. అది బ్రదుకుట యెట్లో దానికి తెలియును.